ఇన్సర్ట్ బ్లోయర్ ఊదుగొట్టం కాదు: కట్టెల ఫైర్‌ప్లేస్‌లో ఫ్యాన్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ దగ్గర 1970లలో కట్టిన ఇల్లు ఈ వేసవిలో కొన్నారు. హాల్లోని ఇటుకల ఫైర్‌ప్లేస్‌లో పాత యజమానులు కట్టెల ఇన్సర్ట్ ఒకటి, అంటే ఫైర్‌ప్లేస్ లోపలికి దూర్చే అద్దం తలుపున్న ఇనుప పొయ్యి, బిగించి వదిలివెళ్లారు; దాని అడుగున బ్లోయర్ ఫ్యాన్ ఉంది. మంట వెలిగించగానే ఫ్యాన్ వేస్తే చల్లగాలి కొడుతోంది. ఫ్యాన్ స్విచ్‌ను ఆటోలో పెడితే అది ఎప్పుడు తిరుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో అంతుపట్టడం లేదు. గంట తిరగకుండానే అద్దం నల్లబడుతోంది. సాయంత్రం వంట వేళ కట్టెలు వేయడానికి తలుపు తీస్తే పొగ హాల్లోకి తన్నుతోంది. ఫ్యాన్ మార్చాలా అని అడిగారు.

మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే లోపం ఫ్యాన్‌లో లేదు. ఈ ఇబ్బందుల వెనుక ఉన్న ముఖ్య కారణాలు రెండు: ఒకటి, పొయ్యి లోపల చాలినంత వేడి ఎక్కకముందే ఆ వేడిని బయటికి లాగేయడం, రెండు, పొగగొట్టానికి అందవలసిన గాలిని ఇంట్లోని మరో యంత్రం లాక్కోవడం. నేను 2009 నుంచి ఇదే రాష్ట్రంలో, ఇటువంటి ఇన్సర్ట్‌తోనే చలికాలాలు గడుపుతున్నాను. మొదటి ఏడాది సరిగ్గా మీరు చేస్తున్నదే చేశాను. అగ్గిపుల్ల గీసిన మరుక్షణం ఫ్యాన్‌ను పూర్తి వేగంతో పెట్టేవాణ్ణి. నా మనసులో అది మా అమ్మమ్మ పొయ్యి దగ్గర ఉండే ఊదుగొట్టం వంటిది, ఎంత ఊదితే మంట అంత లేస్తుందని అనుకున్నాను. చలి తగ్గాక చిమ్నీ శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి గొట్టంలోంచి బకెట్ నిండా నల్లటి పెచ్చులు దించి నా ముందు పెట్టినప్పుడు గాని నా పొరపాటు నాకు తెలిసిరాలేదు.

బ్లోయర్ ఊదుగొట్టం కాదు, కొలిమి తిత్తి అంతకన్నా కాదు. దాని గాలి నిప్పును తాకనే తాకదు. లోపలి ఉక్కు లేదా పోత ఇనుము పెట్టెలో కట్టెలు కాలుతాయి, దాని చుట్టూ మరో రేకు తొడుగు ఉంటుంది, ఈ రెంటి మధ్య సందులో గది గాలి తిరుగుతుంది. బ్లోయర్ అడుగు నుంచి గది గాలిని పీల్చి ఆ సందులోకి నెట్టి, లోపలి పెట్టె వీపునూ నెత్తినీ రాసుకుంటూ పోనిచ్చి, తలుపు పైనున్న చీలికల్లోంచి తిరిగి గదిలోకి వదులుతుంది. మంటకు కావలసిన గాలి వేరే దారిన, మీరు గాలి మీటను తెరిచినంత మేరకు లోపలికి వెళ్లి, పొగతో కలిసి లైనర్ గుండా, అంటే చిమ్నీ లోపల దించిన లోహపు పొగగొట్టం గుండా, పైకి పోతుంది. ఈ రెండు గాలులూ ఎన్నడూ కలవకూడదు. పైచీలికల్లోంచి వచ్చే వెచ్చగాలిలో ఎప్పుడైనా పొగ వాసన తగిలితే, లోపలి పెట్టె పగిలిందో అతుకు విడిందో అని అనుమానించి, ఆ మంట ఆరాక పరీక్ష చేయించేవరకు మళ్లీ వెలిగించవద్దు. కొత్త ఇన్సర్ట్‌లో మొదటి రెండు మూడు మంటలకు వచ్చే రంగు మాడిన వాసన వేరే సంగతి. కిటికీ తెరిస్తే అది పోతుంది.

అయితే ఫ్యాన్ అసలెందుకు అంటారా? గది మధ్యలో నిలబడే స్టవ్ తన నలుపక్కల నుంచీ సెగ ఇస్తుంది. ఇన్సర్ట్‌కు ఆ వీలు లేదు. మూడు పక్కలా నెత్తి మీదా ఇటుకలే, గదికి ఎదురుగా ఉన్నది తలుపు ఒక్కటే. ఫ్యాన్ లేకపోతే వేడిలో పెద్ద భాగం ఇటుకలకు చేరుతుంది, ఆ చిమ్నీ మీ ఇంటి బయటి గోడకు ఆనుకొని ఉంటే అక్కడి నుంచి నేరుగా వీధిలోకి పోతుంది. ఇటుకల్లో, మంట వెనుక భాగంలో చిక్కుకున్న వేడిని గదిలోకి మోసుకురావడమే బ్లోయర్ పని. మోయడానికి సరుకు ఉంటేనే కూలికి పని ఉంటుంది. చల్లటి ఇనుము మీదుగా గాలి పంపితే చల్లగాలే వస్తుంది, అది ఫ్యాన్ తప్పు కాదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. తొందరపడి ఫ్యాన్ వేయడం వల్ల చల్లగాలి తగలడం చిన్న నష్టం. పెద్ద నష్టం పొయ్యి లోపల జరుగుతుంది. కట్టెలో ఉన్న శక్తిలో సగానికి పైగా కట్టె వేడెక్కినప్పుడు వెలువడే వాయువుల్లోనే ఉంటుంది, అంటే మనం పొగ అనుకునేది కూడా ఇంధనమే. ఆ పొగ మండాలంటే పొయ్యి పైభాగంలో సుమారు 1,100 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడి కావాలి (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌వే). మీది 1988లో వచ్చిన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఇ.పి.ఎ.) నియమాల తరువాత తయారైన ఇన్సర్ట్ అయితే, పైకప్పు దగ్గర అడ్డంగా బ్యాఫిల్ పలకా, చాలా మోడళ్లలో దాని కింద రంధ్రాలున్న గొట్టాలూ కనిపిస్తాయి; వేడి సరిపోయినప్పుడు ఆ రంధ్రాల దగ్గర గ్యాస్ పొయ్యి బర్నర్‌లాగా మంటలు వేలాడుతాయి. ఆ మంటలే మీ పొగను తింటున్నాయి. గొట్టాలకు బదులు తేనెపట్టు వంటి గళ్లున్న క్యాటలిస్ట్ ఉన్న రకమైతే, సుమారు 500 డిగ్రీలకు చేరాకే దాని బైపాస్ మీటను, అంటే పొగను క్యాటలిస్ట్ గుండా కాక నేరుగా పైకి పోనిచ్చే దారి మీటను, మూయాలి. ఈ స్థితికి చేరకముందే బ్లోయర్ లోపలి పెట్టె గోడలను చల్లార్చిందంటే పొగ మండకుండానే పైకి పోతుంది, అద్దం మీద మసిగా అంటుకుంటుంది, పైన గొట్టం చల్లటి గోడల మీద తారులాగా పేరుకుంటుంది. ఆ తారునే క్రియోసోట్ అంటారు. పొగ చిమ్నీ కొసను దాటేవరకు 250 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే అది పేరుకోవడం చాలా తగ్గుతుంది. అద్దం నలుపు మీకు కళ్లెదుట కనిపిస్తున్న హెచ్చరిక. దానికి జోడు గొట్టంలో కనిపించకుండా ఉంది.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఇలా ఉంటుంది. వెలిగించేటప్పుడు గాలి మీట పూర్తిగా తెరిచి, ఫ్యాన్ పూర్తిగా ఆపి ఉంచుతాను. మన పొయ్యి రాజేసే పద్ధతికి ఇది తలకిందులు: లావు పేళ్లు అడుగున, వాటిపై సన్నపేళ్లు, ఆపైన చితుకులు, అన్నిటికన్నా పైన నలిపిన వార్తాపత్రిక, దానికి నిప్పు. మంట పై నుంచి కిందికి దిగుతూ వస్తుంది కనుక గొట్టం ముందుగా వేడెక్కుతుంది, మొదటి అరగంట పొగ చాలా తక్కువ. ఎగదోసే పని కూడా ఉండదు. ఇరవై నుంచి ముప్పై నిమిషాలకు మంట పేళ్లన్నిటినీ పట్టుకుని, పై గొట్టాల దగ్గర మంటలు వేలాడడం మొదలయ్యాక, గాలి మీటను ఒక్కసారిగా కాక రెండు మూడు విడతల్లో సగానికి, ఆపై పావుకు తగ్గిస్తాను. ఆ తరువాతనే ఫ్యాన్‌ను తక్కువ వేగంతో వేస్తాను. పది నిమిషాల తరువాత కూడా పైన వేలాడే మంటలు అలాగే ఉంటే వేగం పెంచుతాను, అవి ఆరిపోతూ మంట మొద్దుబారితే వేగం తగ్గిస్తాను. నాకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు. తలుపు పైన అంటించే అయస్కాంత థర్మామీటర్ ఉపయోగమే గాని, అది బ్లోయర్ గాలి దారిలో ఉంటుంది. నా ఇన్సర్ట్ మీద ఫ్యాన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు అది దాదాపు వంద డిగ్రీలు తక్కువ చూపుతుంది. దాన్ని చూసి పొయ్యి చల్లారిందని గాలి పెంచుకుంటూ పోతే లోపల ఇనుము ఎర్రగా కాగేదాకా వస్తుంది. ఎక్కడైనా లోహం ఎర్రబడి కనిపిస్తే వెంటనే గాలి మీట తగ్గించండి, అప్పుడు మాత్రం ఫ్యాన్‌ను పూర్తి వేగంలో ఉంచండి. పెట్టెను చల్లబరచడం అప్పుడు మనకు కావలసిన పనే.

ఇక ఆటో సంగతి. ఇన్సర్ట్ ఒంటికి తాకేలా రూపాయి బిళ్లంత పరికరం ఒకటి అమర్చి ఉంటుంది. దాన్ని స్నాప్ డిస్క్ అంటారు. రెండు లోహాలు అతికిన ఆ చిన్న పలక వేడికి టక్కున వంగి కరెంటు దారిని కలుపుతుంది, చల్లారితే వెనక్కి వంగి తెంపుతుంది. ఎక్కువ మోడళ్లలో ఇది 110, 120 డిగ్రీల దగ్గర కలుస్తుంది, అంతకు ఇరవై ముప్పై డిగ్రీలు తగ్గాక విడిపోతుంది. అందుకే మీరు ఆటోలో పెట్టి వెలిగించినప్పుడు ఎంతసేపటికీ తిరగదు, ఒకసారి తిరిగాక మంట ఆరిపోయినా గంటలకొద్దీ ఆగదు. అది సవ్యంగా పనిచేస్తున్నదనడానికి అదే గుర్తు. తిరిగిన కాసేపటికే ఆగి, మళ్లీ తిరిగి, మళ్లీ ఆగుతుంటే మాత్రం రెండు అవకాశాలున్నాయి: మంట చాలడం లేదు, లేదా డిస్క్ ఇన్సర్ట్ ఒంటికి సరిగ్గా ఆనుకోకుండా సందు వచ్చింది. రెండోదైతే, పొయ్యి పూర్తిగా చల్లారి ప్లగ్ పీకిన తరువాత, దాని బ్రాకెట్‌ను నొక్కి బిగిస్తే సరిపోతుంది. డిస్క్ పాడైనా దాని ఖరీదు మోటారు ఖరీదులో చిన్న భాగమే, కాబట్టి ఎవరైనా నేరుగా బ్లోయర్ మొత్తం మార్చాలంటే ముందు మాన్యువల్ స్విచ్‌లో పెట్టి చూడండి. మాన్యువల్‌లో చక్కగా తిరిగితే మోటారు బాగుంది.

వేగం తిప్పే గుండ్రటి మీట మన సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్‌కు అన్నదమ్ముడే, కాని అనేక మోడళ్లలో అది టిక్కుమనగానే గరిష్ఠ వేగంతో మొదలై, తిప్పేకొద్దీ తగ్గుతుంది. ఇది తెలియక చివరిదాకా తిప్పి పూర్తి వేగంలో పెట్టామనుకునేవారు నాకు తెలిసి ముగ్గురున్నారు. మరీ తక్కువలో పెడితే మోటారు గుయ్యిమంటుంది గాని తిరగదు. అలా గంటలకొద్దీ వదిలితే మోటారు తీగచుట్టే వేడెక్కి చెడుతుంది. రెక్కలు నిజంగా తిరుగుతున్న అతి తక్కువ వేగం ఎక్కడుందో ఒకసారి గుర్తించి, మీట పక్కన చిన్న గీత పెట్టుకోండి.

అద్దం నలుపులో ఫ్యాన్ పాత్ర ఎంతో, తడి కట్టెల పాత్ర అంతకన్నా ఎక్కువ. ఇక్కడ కట్టెలమ్మేవాళ్లందరూ ఎండిన కట్టెలనే చెబుతారు. నేను మొదటి ఏడాది కొన్న ఓక్ కట్టెలను తరువాత కొలిస్తే తేమ 32 శాతం ఉంది. 20 శాతానికి లోపు ఉండాలి. తేమ కొలిచే మీటర్ ముప్పై డాలర్ల లోపు దొరుకుతుంది. దాన్ని కట్టె పైభాగంలో గుచ్చి చూస్తే మోసపోతారు, పేడును అప్పటికప్పుడు నడుమకు చీల్చి, కొత్తగా బయటపడిన ముఖం మీద గుచ్చాలి. ఇక్కడ కట్టెలమ్మే కొలత కార్డ్. ఒక కార్డ్ అంటే నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవున్న పేర్పు, 128 ఘనపుటడుగులు. పచ్చి ఓక్ కార్డ్ ఒకటి ఎండేలోగా అర టన్నుకు పైగా నీరు వదులుతుంది. ఆ నీటిని ఎండ ఆవిరి చేయాలా, మీ పొయ్యి ఆవిరి చేయాలా అన్నదే తేడా. ఓక్‌కు చీల్చి పేర్చాక రెండు వేసవులు కావాలి, మేపుల్‌కు ఒకటి సరిపోతుంది. ఈ ఏడాదికి మీ దగ్గర తడి కట్టెలే ఉంటే, బట్టీలో ఆరబెట్టినవి కొద్దిగా కొని కలిపి కాల్చండి, లేదా ఏ కలుపూ లేని రంపపు పొట్టును నొక్కి చేసిన ఇటుకలు మాన్యువల్ అనుమతిస్తే వాడండి. దూరం నుంచి కట్టెలు తెచ్చుకోకండి; 2002లో మిషిగన్‌లో బయటపడిన, ఆష్ చెట్లను తొలిచి చంపే పచ్చ పురుగు 2012లో మన రాష్ట్రంలోనూ కనిపించింది, కట్టెల బళ్లే దాని వాహనాలు.

అద్దం తుడవడానికి రసాయనాలు కొననక్కర్లేదు. చల్లారిన అద్దం మీద తడి కాగితాన్ని మెత్తటి బూడిదలో అద్ది రుద్దండి. ఊళ్లో బూడిదతో అంట్లు తోమడం చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా?

వంట వేళ పొగ వెనక్కి తన్నడం గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ, ఇక్కడి ఇన్సర్ట్ మాన్యువళ్లలో దానికి దొరికేది ఒకటి రెండు వాక్యాలు. మనం తాలింపు ఘాటుకు, చేపల వేపుడు వాసనకు భయపడి వంట పొయ్యి మీద నిమిషానికి 600, 900 ఘనపుటడుగుల గాలిని బయటికి తోసే హుడ్ పెట్టించుకుంటాం. ఇన్సర్ట్ పీల్చేది నిమిషానికి కొన్ని పదుల ఘనపుటడుగులు మాత్రమే. కిటికీలన్నీ బిగించిన జనవరి సాయంత్రం ఆ హుడ్ పూర్తి వేగంతో తిరిగితే, బయటికి పోయిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి; ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తెరిచిన రంధ్రం చిమ్నీయే. దాంతో పైకి పోవలసిన పొగ కిందికి దిగుతుంది. బట్టల డ్రయ్యర్, స్నానాల గది ఫ్యాన్ కూడా తమ వంతు లాగుతాయి. బ్లోయర్ మాత్రం ఇందులో నిర్దోషి, అది గది గాలినే గదిలోకి తిప్పుతుంది. 400 ఘనపుటడుగులు మించిన హుడ్‌కు, ఇంట్లో చిమ్నీతో నడిచే పొయ్యి ఉన్నప్పుడు, బయటి గాలిని లోపలికి తెచ్చే ప్రత్యేక ఏర్పాటు ఉండాలని ఇక్కడి ఇళ్ల నిర్మాణ నియమావళి చెబుతున్నది. మీ వంటింట్లో అది ఉందో లేదో చూడండి. లేకపోతే హుడ్ వేసినంతసేపు వంటింటి కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచండి. తాలింపు అయి హుడ్ ఆపేవరకు ఇన్సర్ట్ తలుపు తీయకండి. తీసేటప్పుడు కూడా ముందు గాలి మీట పూర్తిగా తెరిచి, తలుపును అంగుళం మేర మాత్రమే సందు చేసి, అర నిమిషం ఆగి, ఆ తరువాత మెల్లగా తీయాలి. మంటలు లేచి ఉన్నప్పుడు కాక, కట్టెలు నిప్పులుగా మారాక తీస్తే పొగే ఉండదు.

బయటి గోడకున్న చిమ్నీలో, రోజంతా వెలిగించని రోజున, చల్లగాలి బరువుగా కూర్చుని ఉంటుంది. తలుపు తీయగానే మొహానికి చల్లగాలి తగిలితే అదే గుర్తు. అప్పుడు కిటికీ కాస్త తెరిచి, బ్యాఫిల్ దగ్గర ఒక్క కాగితం కాల్చి పట్టుకోండి, లేదా హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడిగాలి పంపండి. పొగ దారి తిరిగాక అసలు మంట వెలిగించండి. హుడ్ కట్టేసి ఉన్నా, పొయ్యి వేడిగా ఉన్నా తలుపు తీసినప్పుడల్లా పొగ వస్తుంటే మాత్రం అనుమానించవలసింది చిమ్నీ కొసన ఉండే టోపీని. దాని జాలీ క్రియోసోట్‌తో మూసుకుపోయి ఉంటుంది.

వీటన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న అడగవలసింది: మీ ఇన్సర్ట్ నుంచి చిమ్నీ కొస వరకు స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ ఉందా? ఆ తరం ఇళ్లలో 1970లు, 80లలో ఇన్సర్ట్‌ను ఫైర్‌ప్లేస్‌లోకి నెట్టి, గొట్టం ఏదీ తగిలించకుండా వదిలేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ పొగ విశాలమైన ఇటుకల చిమ్నీలోకి వెళ్లి, వెంటనే చల్లారి, మనుషులు శుభ్రం చేయలేని మూలల్లో తారుగా పేరుకుంటుంది. ఇల్లు చేతులు మారినప్పుడు చిమ్నీకి రెండో స్థాయి పరీక్ష, అంటే గొట్టం లోపలంతా కెమెరా దించి చూసే పరీక్ష, జరగాలని అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం వారి ఎన్.ఎఫ్.పి.ఎ. 211 ప్రమాణం చెబుతుంది. ఆపై ఏడాదికోసారి తనిఖీ ఉండనే ఉంది. ఇల్లు కొనేటప్పుడు మామూలు ఇన్‌స్పెక్టర్ టార్చ్ వేసి చూసింది ఈ లెక్కలోకి రాదు. ఇది చేయించేవరకు మంట వెలిగించవద్దని నా గట్టి సలహా. అదే మనిషిని డ్యాంపర్ (చిమ్నీ మెడను మూసే పలక) దగ్గర లైనర్ చుట్టూ ఉన్న ఖాళీని రేకు పలకతో, రాతి ఉన్నితో మూసి ఉన్నారో లేదో కూడా చూడమనండి. ఆ మూత లేకపోతే ఇన్సర్ట్ చుట్టూ పోగైన వేడి ఆ ఖాళీ గుండా చిమ్నీలోకి ఎక్కిపోతుంది, మీరు ఫ్యాన్ ఎంత పెంచినా గది వేడెక్కదు. నా ఇంట్లో ఆ ఒక్క మూత వేయించాక వచ్చిన మార్పు, ఆ ముందు ఏడాది నేను ఫ్యాన్ మార్చినప్పుడు రాలేదు. అనవసరంగా మార్చానని ఇప్పుడు తెలుస్తోంది.

రాత్రి సంగతి అడగలేదు గాని అడుగుతారు. పడుకోబోయే ముందు లావు పేళ్లు వేసి గాలి మూసేసి పోవడం తప్పు. పదిహేను ఇరవై నిమిషాలు గాలి తెరిచి ఉంచి, పేళ్ల పైభాగమంతా బొగ్గుగా మారాక, విడతలుగా తగ్గించి, ఫ్యాన్‌ను ఆటోలో తక్కువ వేగానికి వదలండి. పొద్దున నివురు గప్పిన నిప్పులు మిగులుతాయి, వాటిని ముందుకు లాగి రెండు సన్నపేళ్లు వేస్తే అగ్గిపుల్ల అక్కర్లేదు. ఇంకొక మాట: మీ ఇంటిని వేడిచేసే బాయిలర్ థర్మోస్టాట్ ఇన్సర్ట్ ఉన్న హాల్లోనే ఉంటే, హాలు వెచ్చగా ఉన్నంతసేపు బాయిలర్ వెలగదు, ఆ లోగా నేలమాళిగలోనో గరాజ్ గోడలోనో నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగలవచ్చు. సున్నా దగ్గరి చలిలో రోజుకు రెండుసార్లయినా బాయిలర్‌ను పనిగట్టుకుని తిప్పండి. వెనుక గదులకు వేడి చేరాలంటే హాల్లోంచి వేడిగాలిని తోయడం కన్నా, చల్లటి నడవలో చిన్న టేబుల్ ఫ్యాన్ నేల మీద పెట్టి చల్లగాలినే హాల్లోకి తోయండి. దాని స్థానంలోకి వెచ్చగాలి పైకప్పు వెంబడి తనంతట తాను వస్తుంది.

బ్లోయర్‌కు శత్రువు దుమ్ము. నేల మీది ధూళి, కుక్క వెంట్రుకలు, తివాచీ నూగు అన్నీ దాని డొక్కలోకే పోతాయి. చలికాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ప్లగ్ పీకి, బయటికి లాగి, మెత్తటి బ్రష్‌తో రెక్కల సందులు శుభ్రం చేయండి. రెక్కల మధ్య బిగించిన చిన్న లోహపు బద్దీలు కనిపిస్తే పీకకండి, అవి బరువు సమంగా ఉండడానికి పెట్టినవి. నూనె రంధ్రాలున్న మోటారైతే రెండు చుక్కలు, అది కూడా మాన్యువల్ చెబితేనే. గలగలమని చప్పుడు వస్తే చాలాసార్లు కారణం వదులైన స్క్రూ, కీచుమంటే బేరింగ్. వైరు ఇన్సర్ట్ ఒంటికి తగలకుండా, తివాచీ కింద నుంచి పోకుండా, మూడు కాళ్ల ప్లగ్‌తో నేరుగా గోడకే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వద్దు. ఫ్యాన్ గాలి ఎదురుగా మూడడుగుల వరకు సోఫాలు, కర్టెన్లు ఉండకూడదు. పైన అరుగు మీద దేవుడి పటాలకు వేసిన ప్లాస్టిక్ పూలదండలు, తోరణాలు ఉంటే తీసేయండి.

తోరణాల మాట వచ్చింది కనుక భోగి గురించి కూడా. జనవరిలో ఇక్కడ బయట నిలబడలేక, భోగి మంట ఇన్సర్ట్‌లో వేసుకుందామనిపిస్తుంది. వేసుకోండి, కాని పాత సామాను వేసే ఆనవాయితీని మాత్రం పక్కన పెట్టండి. రంగు, వార్నిష్ పూసిన చెక్క, ప్లైవుడ్, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ విషవాయువులిస్తాయి, లైనర్‌నూ క్యాటలిస్ట్‌నూ తినేస్తాయి. దుకాణంలో దొరికే పిడకలూ వద్దు, ఇన్సర్ట్ వాటికోసం చేసింది కాదు.

బూడిద అంగుళం మందాన ఉంచి మిగతాది మూతపడే లోహపు బకెట్‌లోకి తీసి, ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా, మట్టి మీదో రాతి మీదో పెట్టండి. అందులో నిప్పు రోజుల తరబడి బతికి ఉంటుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వకండి. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. చిమ్నీలో రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తే గాలి మీట మూసి, అందరూ బయటికి నడిచి, 911కు ఫోన్ చేయండి.

చివరగా కరెంటు పోయినప్పుడు. 2011 అక్టోబర్ చివర ఆకులు రాలకముందే పడిన మంచుకు మన రాష్ట్రంలో ఎనిమిది లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, మా వీధిలో ఎనిమిది రోజులు రాలేదు. ఫ్యాన్ లేకుండానే అన్ని రోజులూ ఇన్సర్ట్ నడిపాము. అప్పుడు చిన్న మంటలే వేయాలి, వేడి మోసుకుపోయే గాలి లేదు కనుక పెట్టె తొందరగా కాగిపోతుంది. ప్లగ్ పీకి, రెగ్యులేటర్ ఆఫ్‌లో ఉంచండి. ఎక్కువ బ్లోయర్లు వాడేది వంద వాట్ల అటూ ఇటూ కనుక, 500 వాట్-గంటల బ్యాటరీ పెట్టె ఒకటి సాయంత్రం పూట నాలుగు గంటలసేపు ఫ్యాన్ తిప్పగలదు. సవ్యమైన సైన్ తరంగం (ప్యూర్ సైన్ వేవ్) ఇచ్చేదే కొనండి, లేకపోతే మోటారు గుయ్యిమంటుంది. జనరేటర్‌ను మాత్రం గరాజ్‌లో పెట్టవద్దు. ఆ వారంలో మన రాష్ట్రంలో కార్బన్ మోనాక్సైడ్‌కు ప్రాణాలు పోయాయి.

ఇన్సర్ట్ పక్కనో, బ్లోయర్ మూత వెనుకో ఒక లోహపు ఫలకం రివెట్ చేసి ఉంటుంది. దాని మీదున్న మోడల్, తయారీ సంవత్సరం, ధ్రువీకరణ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి. డిస్క్ ఏ వైపున ఉంటుందో, బ్లోయర్ ఏ స్క్రూలు తీస్తే బయటికి వస్తుందో చెబుతాను.